దిగడానికి తెరిచిన రెక్క

1993 నవంబరు 15, సోమవారం. మద్రాసు నుంచి పొద్దున్నే హైదరాబాదుకు బయలుదేరిన ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఐసీ 440 విమానంలో సిబ్బందితో కలిపి 262 మంది ఉన్నారు. తెలుగు సినిమా పరిశ్రమ అప్పటికి ఒక కాలు కోడంబాకంలో, మరో కాలు జూబ్లీహిల్స్‌లో పెట్టి నడుస్తోంది. ఆ రోజు ప్రయాణికుల్లో చిరంజీవి, బాలకృష్ణ, విజయశాంతి, అల్లు రామలింగయ్య ఉన్నారు. అందువల్లే ఈ ఘటన తెలుగువాళ్ల జ్ఞాపకంలో సినిమా కబురుగా స్థిరపడిపోయింది. తారలు ఎక్కిన విమానం పొలంలో దిగింది, అందరూ బతికి బయటపడ్డారు అని చెప్పుకుంటారు. ఆ విమానం పొలంలో ఎందుకు దిగాల్సి వచ్చిందో, దిగాక అందరూ ఎలా బతికారో చెప్పేవాళ్లు తక్కువ. నిజానికి ఆసక్తికరమైన కథ అక్కడే ఉంది.

అది ఎయిర్‌బస్ ఏ300. రెండే ఇంజిన్లతో ఎగిరే వెడల్పాటి విమానాల్లో ప్రపంచంలోనే మొదటిది. 1972 అక్టోబరులో తొలిసారి గాల్లోకి లేచింది. ఇండియన్ ఎయిర్‌లైన్స్ 1976 నుంచి వీటిని నడిపింది. మద్రాసు–హైదరాబాదు మధ్య గాలిదారి 520 కిలోమీటర్ల పైచిలుకు, అంటే గంట ప్రయాణం.

దిగాల్సింది బేగంపేటలో. శంషాబాదు విమానాశ్రయం 2008 మార్చిలో తెరిచేదాకా నగరానికి వచ్చే ప్రతి ప్రయాణికుల విమానమూ అక్కడే దిగేది. బేగంపేటకు ఉత్తరాన ఉన్న అల్వాల్ నుంచి చూస్తే లోతుకుంట, తిరుమలగిరి దాటుకుని పోతే బేగంపేట రన్‌వే పది కిలోమీటర్లకు అటూఇటుగా ఉంటుంది. అల్వాల్‌కు మరోపక్క హకీంపేట వాయుసేన స్థావరం, ఇంకాస్త పడమరగా దుండిగల్. మిద్దె మీద బట్టలు ఆరేసుకునేవాళ్లు కూడా చప్పుడు విని అది ప్రయాణికుల విమానమో, శిక్షణ విమానమో పోల్చుకోగలిగిన ప్రాంతమిది.

నవంబరు తెల్లవారుజాముల్లో దక్కను పీఠభూమి మీద ఆకాశం నిర్మలంగా ఉంటే నేల రాత్రంతా తన వేడిని పైకి వదిలేస్తుంది. నేలనంటిన గాలి చల్లబడి, అందులోని తేమ సన్నని బిందువులుగా మారుతుంది. చెరువులున్న చోట తేమకు కొదవుండదు. బేగంపేటకు దక్షిణంగా హుస్సేన్‌సాగర్, ఉత్తరాన అల్వాల్, బోయినపల్లి చెరువులు. ఇలాంటి మంచు పొద్దెక్కితే విడిపోతుంది. కానీ విమానం పొద్దెక్కేదాకా గాల్లో నిలబడి ఉండలేదు.

ఆ ఉదయం బేగంపేటలో రన్‌వే కనబడలేదు. రేడియో కిరణాల సాయంతో కిందికి వచ్చే పైలట్‌కు ఒక నిర్ణయపుటెత్తు ఉంటుంది. మామూలు తరగతి పరికరాలున్న రన్‌వేకు అది నేల నుంచి 200 అడుగులు. అక్కడికి వచ్చేసరికి రన్‌వే దీపాలు కంటపడాలి. పడకపోతే ఇంజిన్లకు పూర్తి శక్తినిచ్చి, మళ్లీ పైకి లేచిపోవాలి. పైలట్లు దీన్ని గో-అరౌండ్ అంటారు. ఐసీ 440 కూడా అదే చేసింది. ఇందులో ప్రమాదమేమీ లేదు, ప్రతి పైలట్ ఏటా సిమ్యులేటర్‌లో చేసే కసరత్తే. పైకి లేస్తూ చక్రాలు లోపలికి తీసుకోవాలి, దిగడం కోసం రెక్కల వెనక అంచున చాచిన ఫ్లాప్‌లను విడతలవారీగా లోపలికి ముడవాలి.

ఫ్లాప్‌లు పూర్తిగా ముడుచుకోలేదు.

వాటి పనేమిటో ఇక్కడ కాస్త ఆగి చూడాలి. రెక్క పుట్టించే ఎత్తుడు బలం గాలి సాంద్రతను బట్టి, రెక్క వైశాల్యాన్ని బట్టి, రెక్క వంపును బట్టి, అన్నిటికన్నా ముఖ్యంగా వేగపు వర్గాన్ని బట్టి మారుతుంది. వేగం సగమైతే ఎత్తుడు బలం నాలుగో వంతుకు పడిపోతుంది. గంటకు 850 కిలోమీటర్ల వేగంతో పోవడానికి తీర్చిన సన్నని రెక్క, దిగేటప్పుడు గంటకు 250 కిలోమీటర్ల దగ్గర బరువు మోయలేదు. అందుకని ఇంజినీర్లు రెక్కకు రెండు రూపాలిచ్చారు. దిగేముందు వెనక అంచు జారి కిందికి వంగుతుంది, ముందు అంచు కూడా ముందుకు సాగుతుంది. రెక్క వెడల్పవుతుంది, వంపు పెరుగుతుంది, తక్కువ వేగంలోనే సరిపడా బలం పుడుతుంది. ఫ్లాప్‌లు లేకుండా దిగితే వేగం గంటకు 350 దాకా ఉంచాల్సి రావచ్చు. వేగం 40 శాతం పెరిగితే రన్‌వే మీద బ్రేకులు చల్లార్చాల్సిన శక్తి దాదాపు రెట్టింపవుతుంది.

ఈ సౌకర్యానికి చెల్లించే మూల్యం గాలి నిరోధం. దిగేటప్పుడు దానివల్ల మేలే, విమానం వేగం పుంజుకోకుండా నిలకడగా కిందికి వస్తుంది. అదే రెక్కతో దూరం పోవాలంటే మాత్రం ఎదురుగాలిలో గొడుగు తెరుచుకుని సైకిలు తొక్కినట్టుంటుంది.

ఫ్లాప్‌లు ఇరుక్కోవడం అనగానే ఏదో తుప్పుపట్టిన మర ఊహకొస్తుంది. చాలా పెద్ద జెట్లలో సంగతి అంత సరళం కాదు. హైడ్రాలిక్ మోటార్లు తిప్పే పొడవాటి ఇరుసులు రెండు రెక్కల్లోకీ పోయి, మరజాకీల ద్వారా ఫ్లాప్‌లను నడుపుతాయి. ఎడమ ఫ్లాప్‌కూ కుడి ఫ్లాప్‌కూ మధ్య కాస్త తేడా వచ్చిందని సెన్సర్లు పసిగడితే, బ్రేకులు పడి మొత్తం వ్యవస్థ ఉన్నచోటనే బిగుసుకుపోతుంది. మళ్లీ నేల మీద మెకానిక్ వచ్చేదాకా కదలదు. ఇలా బిగుసుకునేలా కావాలనే తయారు చేస్తారు. ఎందుకో తెలియాలంటే 1979 మే 25న షికాగోలో జరిగింది గుర్తు చేసుకోవాలి. అమెరికన్ ఎయిర్‌లైన్స్ 191 విమానం, ఒక డీసీ-10, నేల విడిచే క్షణంలో ఎడమ ఇంజిన్ ఊడిపడింది. పోతూపోతూ హైడ్రాలిక్ గొట్టాలను తెంపింది. ఎడమ రెక్క ముందు అంచు పలకలు గాలి ఒత్తిడికి వాటంతటవే ముడుచుకుపోయాయి, కుడివైపువి చాచే ఉన్నాయి. ఒక రెక్క మోస్తోంది, ఇంకోటి మోయడం మానేసింది. విమానం ఎడమకు దొర్లి కూలింది. విమానంలోని 271 మంది, నేల మీద ఇద్దరు చనిపోయారు. రెండు రెక్కలూ ఒకేలా తప్పుగా ఉండడం, ఒకటి ఒప్పుగా ఇంకోటి తప్పుగా ఉండడం కన్నా ఎన్నో రెట్లు మేలు.

కాబట్టి బేగంపేట మీద తిరుగుతున్న ఏ300 ఎగరగలదు, మలుపు తిరగగలదు, రన్‌వే కనబడితే దిగనూగలదు. బయటే ఉండిపోయిన ఫ్లాప్‌లు దిగడానికి అడ్డేమీ కావు, అవి ఉన్నదే అందుకు. చిక్కల్లా ఇంకో ఊరికి పోవాల్సి రావడంలో ఉంది.

సిబ్బంది కొంతసేపు అక్కడే ఆ సమస్యతో కుస్తీ పట్టి, తిరిగి మద్రాసు వైపు మళ్లారు. పక్కనే హకీంపేటలో, దుండిగల్‌లో పొడవాటి రన్‌వేలుండగా 500 కిలోమీటర్ల అవతలికి ఎందుకని పాఠకుడికి అనిపించవచ్చు. ఒక ఊరిని మంచు కమ్మితే పది కిలోమీటర్ల అవతలి రన్‌వే కూడా చాలాసార్లు అదే మంచు కింద ఉంటుంది. ప్రత్యామ్నాయ విమానాశ్రయాన్ని వేరే వాతావరణం ఉండేంత దూరంలో ఎంచుకునేది అందుకే.

ఇక ఇంధనం లెక్క. ప్రయాణికుల జెట్ బయలుదేరే ముందు ట్యాంకుల్లో పోసేది గమ్యం దాకా సరిపడేంత మాత్రమే కాదు. దాని మీద దారిలో తేడాలకు కొంత, గమ్యంలో దిగలేకపోతే ప్రత్యామ్నాయానికి వెళ్లడానికి కొంత, అక్కడ ఆకాశంలో 30 నిమిషాలు తిరగడానికి కొంత వేస్తారు. కాగితం మీద ఇది పటిష్ఠమైన ఏర్పాటు. కానీ ఈ లెక్కంతా విమానం శుభ్రంగా, అంటే చక్రాలూ ఫ్లాప్‌లూ లోపలికి ముడుచుకుని, తనకు తగిన ఎత్తులో ఎగురుతుందన్న నమ్మకం మీద కట్టింది. ఆ నమ్మకం తప్పితే ట్యాంకుల్లో కిలోలు అవే ఉంటాయి గానీ కిలోమీటర్లు తరిగిపోతాయి.

ఎలా తరుగుతాయంటే, మొదట గాలి నిరోధం. తర్వాత, ఫ్లాప్‌లు బయట ఉన్నప్పుడు మించకూడని వేగం ఒకటుంటుంది. దాటితే గాలి ఒత్తిడికి అవి విరిగిపోవచ్చు. మూడోది ఎత్తు. చాలా ఎయిర్‌బస్ విమానాల్లో ఫ్లాప్‌లు చాచి 20,000 అడుగులు దాటకూడదన్న నియమం ఉంది. ఈ మూడోది మామూలు ప్రయాణికుడి ఊహకు అందదు. 35,000 అడుగుల దగ్గర గాలి సాంద్రత నేలమట్టంలో ఉన్నదానిలో మూడో వంతు కూడా ఉండదు. కాబట్టి కింద ఎంత నిరోధం ఎదుర్కొంటుందో అంతే నిరోధంతో విమానం అక్కడ దాదాపు 1.8 రెట్ల వేగంతో పోగలదు. ఇంజిన్ పడే శ్రమ ఒకటే, సాగే దూరం వేరు. పైగా జెట్ ఇంజిన్ చల్లని పలుచని గాలిలో పొదుపుగా పనిచేస్తుంది. కిందనే ఎగరమంటే దాన్ని దండగమారి పని చేయించినట్టే.

ఐసీ 440 అలాగే కిందనే, నెమ్మదిగా, చాచిన ఫ్లాప్‌లతో నాలుగు వందల కిలోమీటర్ల పైన వచ్చింది. తిరుపతి దగ్గరికి వచ్చేసరికి మద్రాసు ఇంకా సుమారు వంద కిలోమీటర్లుంది. ఇంధనం అడుగంటింది.

ఇలాంటి కథే ఏడేళ్ల తర్వాత యూరపులో జరిగింది. 2000 జులై 12న హపాగ్-లాయిడ్ సంస్థ ఏ310 విమానం, అంటే ఏ300కు చిన్న తమ్ముడు, సుమారు 150 మందితో గ్రీసులోని క్రీట్ దీవి నుంచి జర్మనీలోని హానోవర్‌కు లేచింది. చక్రాలు ముడుచుకోలేదు. చక్రాలు వేలాడుతూ పోతే ఇంధనం ఎక్కువ ఖర్చవుతుందని సిబ్బందికి తెలుసు. దారిలో ఎక్కడో దిగుదామనుకుని ముందుకు సాగారు. ఎంత దూరం పోవచ్చో చెప్పే కంప్యూటర్‌కు మాత్రం చక్రాలు వేలాడుతున్న సంగతి లెక్కలో లేదు. అది చూపించే అంకె ప్రతిసారీ ఆశాజనకంగానే కనబడింది. చివరికి వియన్నా రన్‌వేకు కొన్ని వందల మీటర్ల ముందే ఇంజిన్లు ఆగి, విమానం గడ్డి మీద పడింది. ఎవరూ చనిపోలేదు. కెప్టెన్‌కు 2004లో హానోవర్ కోర్టు ఆరు నెలల శిక్ష వేసి, అమలును నిలిపివేసింది.

మన దగ్గర 2017 జులైలో ఇంతకన్నా విచిత్రం జరిగింది. కోల్‌కతా నుంచి ముంబయి వెళ్లాల్సిన ఎయిరిండియా ఏ320లో ఏ భాగమూ పాడు కాలేదు. సిబ్బంది చక్రాలు ముడవడమే మరిచిపోయారు. విమానం ఎత్తుకు ఎక్కదు, వేగం అందుకోదు, ఇంధనం తరిగిపోతోంది. గంటన్నర తర్వాత నాగపూర్‌కు మళ్లించి, దిగడానికి చక్రాలు దించబోతే అవి కిందనే ఉన్నాయని అర్థమైంది. విన్నవాళ్లు నవ్వారు గానీ, మద్రాసు, వియన్నా, నాగపూర్ దారుల్లో జరిగింది ఒక్కటే. ఏదో భాగం బయట ఉండిపోయింది, దాని భారం ఇంధనపు పద్దులో పడింది.

ఇంజిన్లు రెండూ ఆగితే విమానం రాయిలా పడిపోతుందని చాలామంది అనుకుంటారు. పడదు. శుభ్రంగా ఉన్న ప్రయాణికుల జెట్ ఇంజిన్ లేకుండా ఒక కిలోమీటరు ఎత్తు కోల్పోయేలోగా పదిహేను, పదిహేడు కిలోమీటర్లు ముందుకు జారగలదు. ఎత్తంటే దాచుకున్న శక్తి. 110 టన్నుల విమానాన్ని 10 కిలోమీటర్ల ఎత్తుకు చేర్చితే అందులో నిలవ ఉండే శక్తి, సుమారు పావు టన్ను కిరోసిన్ కాలిస్తే వచ్చే వేడికి సమానం. వినడానికి తక్కువే. కానీ ఇంజిన్ కిరోసిన్ వేడిలో చాలాభాగం గాలికి వదిలేస్తుంది, ఎత్తు మాత్రం ఇంజిన్ ప్రమేయం లేకుండా నేరుగా ప్రయాణంగా మారుతుంది.

ఈ నిల్వ ఎంత దూరం తీసుకుపోతుందో కెనడా రెండుసార్లు చూపించింది. 1983 జులై 23న ఎయిర్ కెనడా 143, కొత్త బోయింగ్ 767, పౌండ్లకూ కిలోలకూ మధ్య పొరపాటులో కావలసిన ఇంధనంలో సగమే పోసుకుని బయలుదేరింది. 41,000 అడుగుల దగ్గర ఇబ్బంది మొదలైంది. కెప్టెన్ బాబ్ పియర్సన్‌కు సెలవు రోజుల్లో ఇంజిన్ లేని గ్లైడర్లు నడిపే సరదా. కో-పైలట్ మారిస్ క్వింటాల్ లెక్కగట్టి, కిలోమీటరు ఎత్తుకు పన్నెండు కిలోమీటర్లు జారుతున్నామని తేల్చాడు. గిమ్లీ అనే ఊళ్లో, వాయుసేన వదిలేసి అప్పటికి కారు పందేలకు వాడుతున్న పాత రన్‌వే మీద దించారు. 69 మందీ క్షేమం. 2001 ఆగస్టు 24న ఎయిర్ ట్రాన్సాట్ ఏ330 అట్లాంటిక్ సముద్రం మీద ఇంధనం కారిపోయి, రెండు ఇంజిన్లూ ఆగాక, 19 నిమిషాల్లో సుమారు 120 కిలోమీటర్లు జారి అజోర్స్ దీవుల్లోని లాజెస్ రన్‌వే చేరింది. 306 మంది బతికారు.

తిరుపతి దగ్గరి ఏ300కు ఆ భాగ్యం లేదు. ఫ్లాప్‌లు చాచి ఉంటే జారే దూరమూ తగ్గుతుంది, కిందనే ఎగురుతూ వచ్చింది కాబట్టి జారడానికి ఎత్తూ లేదు. మూడు కిలోమీటర్ల ఎత్తు నుంచి శుభ్రమైన రెక్కతో యాభై కిలోమీటర్లు జారగలిగేది, చాచిన ఫ్లాప్‌లతో ముప్పై దగ్గరే నేలను తాకుతుంది. తిరుపతి విమానాశ్రయానికి పాతిక కిలోమీటర్లకు అటూఇటుగా ఉన్నచోట, సిబ్బంది కిందకి చూసి వరి పొలాలను ఎంచుకున్నారు.

ఆ ఎంపిక వెనక లెక్క చూస్తే, విమానం నేలను తాకేటప్పుడు సెకనుకు 70 మీటర్ల వేగంతో వస్తుందనుకుందాం. ఆ వేగాన్ని 500 మీటర్లలో సున్నా చేస్తే, లోపలున్న మనిషి మీద పడే బలం అతని బరువులో సగం. 300 మీటర్లలో ఆగినా బరువును మించదు. బెల్టు కట్టుకున్న మనిషికి అదొక లెక్క కాదు. అదే వేగాన్ని ఒక కొండ చరియో, కట్టడమో 10 మీటర్లలో ఆపితే పాతిక రెట్లు పడుతుంది. ప్రాణాలు దక్కేదీ దక్కనిదీ చాలావరకు ఈ ఆగే దూరంలోనే తేలుతుంది. అందుకే పైలట్ చదునైన, నిడివి ఉన్న, మధ్యలో గట్టి అడ్డు లేని చోటు వెతుకుతాడు. వరి మడి పంట కోసం సమంగా దున్నింది, గట్లు మోకాలి ఎత్తుకు మించవు. అప్పటి చిత్తూరు జిల్లాలో నవంబరంటే ఈశాన్య రుతుపవనాల కాలం, నేల మెత్తగా ఉంటుంది. బురద విమానం పొట్టను రాసుకుంటూ శక్తిని పంచుకుంటుంది. చాచిన ఫ్లాప్‌లు కూడా ఇప్పుడు మళ్లీ మిత్రులయ్యాయి. నాలుగు వందల కిలోమీటర్లు ఇంధనాన్ని తినేసిన ఆ రెక్కే, చివరి నిమిషంలో తక్కువ వేగంతో నేలను తాకనిచ్చింది.

రెండో మేలు ఖాళీ ట్యాంకులది. నేలకొరిగిన విమానాల్లో దెబ్బలకు తట్టుకున్నవాళ్లు కూడా ఆ తర్వాతి మంటలో, పొగలో చనిపోయిన సందర్భాలు విమానయాన చరిత్రలో బోలెడు. కొత్త మోడల్ విమానానికి అనుమతి ఇచ్చేముందు సగం తలుపులే వాడి 90 సెకన్లలో అందర్నీ దించి చూపించాలన్న నిబంధన పుట్టింది మంట భయంతోనే. ఇక్కడ కాలడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు. విమానాన్ని ఈ ఆపదలోకి నెట్టిన లోటే అందులోంచి బయటపడడానికి కూడా సాయపడింది. ఏ300 మళ్లీ ఎగరలేదు, దాన్ని పనికిరానిదిగా తేల్చారు. 262 మందీ బతికారు.

ఇది అదృష్టమా, నైపుణ్యమా అని అడిగేవాళ్లుంటారు. చివరి పది నిమిషాల్లో పైలట్లు చూపిన నేర్పును శంకించాల్సిన పనిలేదు. ప్రశ్న అంతకు ముందరి గంటది. ఫ్లాప్‌లు ముడుచుకోవని తెలిసిన క్షణంలో, ట్యాంకుల్లో ఉన్న ఇంధనం ఏ ఊరిదాకా వస్తుందో కొత్తగా లెక్క వేసుకోవాల్సి ఉంటుంది. బయలుదేరేటప్పుడు వేసిన పాత లెక్కను అక్కడే చించెయ్యాలి. చక్రాలు వేలాడితే ఇంధనం ఇంత శాతం ఎక్కువ, ఫ్లాప్‌లు ఇంత మేర ఇరుక్కుంటే అంత శాతం ఎక్కువ అని చెప్పే పట్టికలు కాక్‌పిట్ చేతిపుస్తకాల్లో ఉంటాయి. వియన్నాలో పైలట్లు లెక్క వేశారు, చాలా ఆలస్యంగా నమ్మారు.

హకీంపేటలో శిక్షణ పొందే కుర్ర పైలట్లకు ఈ ఆలోచన వేరే రూపంలో అలవాటు చేస్తారు. అక్కడ ఏళ్ల తరబడి నడిపిన కిరణ్ జెట్‌కు ఉన్నది ఒకే ఇంజిన్. అది ఆగితే ఎక్కడ దిగాలన్నది ఆగాక ఆలోచించే విషయం కాదు. ఎగిరినంతసేపూ కింద ఏ రన్‌వే ఉంది, దాన్ని చేరేందుకు ఎంత ఎత్తు కావాలి అని మనసులో గుణించుకుంటూనే ఉండాలి. వందల మందిని మోసే రెండింజిన్ల జెట్‌లో, చల్లని కాక్‌పిట్‌లో, తెరల మీద అంకెలు మెరుస్తుంటే ఈ అలవాటు కాస్త సన్నగిల్లే ప్రమాదముంది.

ఐసీ 440కు ఎదురైనదానికి సరిగ్గా తలకిందులైన సమస్యను 2024 అక్టోబరు 11 సాయంత్రం దేశమంతా టీవీల్లో చూసింది. తిరుచిరాపల్లి నుంచి షార్జాకు 141 మందితో లేచిన ఎయిరిండియా ఎక్స్‌ప్రెస్ బోయింగ్ 737లో హైడ్రాలిక్ లోపం తలెత్తింది. రన్‌వే కిందనే ఉంది, వాతావరణంలో ఇబ్బంది లేదు. కానీ షార్జాకు సరిపడా నింపిన ఇంధనంతో విమానం దిగడానికి మించిన బరువుంది. పెద్ద విమానాల్లో కొన్నింటికి ఇంధనాన్ని గాల్లోకి పారబోసే గొట్టాలుంటాయి, 737కు ఉండవు. బరువు తగ్గాలంటే కాల్చడమొక్కటే దారి. అందుకని రెండు గంటలకు పైగా ఊరి మీద చక్కర్లు కొట్టారు. కింద అగ్నిమాపక వాహనాలు, అంబులెన్సులు బారులు తీరాయి, వార్తా ఛానళ్లలో యాంకర్ల గొంతులు పెరిగాయి. కాక్‌పిట్‌లో జరుగుతున్నది మాత్రం ట్యాంకు అంకెలు తగ్గేదాకా ఓపిక పట్టడం. రాత్రి ఎనిమిదింపావు ప్రాంతంలో విమానం మామూలుగా దిగింది. ప్రయాణికులు మెట్లు దిగి, సామాన్లు తీసుకుని వెళ్లారు.